వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే వికారం ఎందుకు? ఫ్యాన్ గాలి నుంచి చెవి వెనుక కరెంటు దాకా.. ఏది ఎంతవరకు పనిచేస్తుంది?

మాల్‌లో టికెట్ తీసుకుని వర్చువల్ రియాలిటీ రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్లకు ఇది తెలిసిన అనుభవమే. మొదటి రెండు నిమిషాలు అబ్బో అనిపిస్తుంది. ఐదో నిమిషానికి నుదుటి మీద చెమట పడుతుంది. నోట్లో నీళ్లు ఊరతాయి. కడుపులో తిప్పేస్తుంది. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టినా తల తిరుగుడు వెంటనే ఆగదు. కుర్చీలోంచి కదలకుండానే ఘాట్ రోడ్డు ప్రయాణం చేసినట్టు ఉంటుంది.

దీనికి నిపుణులు పెట్టిన పేరు 'సైబర్ సిక్‌నెస్'. ఇది కళ్ల జబ్బు కాదు. ధైర్యం చాలకపోవడం అంతకన్నా కాదు. కళ్లు చెప్పేది ఒకటి, చెవి చెప్పేది మరొకటి కావడంతో మెదడు తికమక పడటమే దీనికి ప్రధాన కారణమని ఎక్కువ మంది శాస్త్రవేత్తలు అంటారు. అందుకే ఇప్పుడు పరిశోధనలు కొత్త దారి పట్టాయి. తెర మీద బొమ్మను సరిచేయడంతో ఆగకుండా చెవికి, చర్మానికి, ముక్కుకు కూడా తగిన సంకేతాలు అందిస్తే వికారం తగ్గుతుందా అని పరీక్షిస్తున్నాయి. ఇందులో ఏది ఎంతవరకు రుజువైంది? ఇంట్లో మనం ఏం చేయొచ్చు? వివరాలు చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

చెవి అంటే వినడానికే అనుకుంటాం. కానీ లోపలి చెవిలో శరీరం బ్యాలెన్స్ చూసుకునే వ్యవస్థ కూడా ఉంటుంది. ప్రతి చెవిలో సగం వలయంలా వంగిన మూడు సన్నని గొట్టాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిప్పగానే ఆ ద్రవం కదలికను బట్టి 'తల ఇటు తిరిగింది' అని మెదడుకు కబురు వెళ్తుంది. వీటి పక్కనే రెండు చిన్న సంచుల్లాంటి భాగాలు ఉంటాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి. బస్సు ఒక్కసారిగా ముందుకు దూకినా, లిఫ్ట్ పైకి లేచినా, తల ఒక పక్కకు వంచినా ఈ రేణువుల బరువు వల్లే మనకు తెలుస్తుంది.

ఇప్పుడు వీఆర్ సంగతి చూడండి. కళ్ల ముందు రోలర్ కోస్టర్ దూసుకుపోతుంటుంది. 'మనం కిందికి పడిపోతున్నాం' అని కళ్లు చెబుతాయి. చెవిలోని ద్రవం, రేణువులు మాత్రం కదలవు. 'కుర్చీలోనే ఉన్నాం' అని అవి చెబుతాయి. ఈ పొంతన లేని సమాచారమే వికారానికి దారి తీస్తుందన్నది ప్రధాన సిద్ధాంతం. జేమ్స్ రీజన్, జె.జె. బ్రాండ్ 1975లో మోషన్ సిక్‌నెస్ మీద రాసిన పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది.

బస్సులో ఫోన్ చూస్తే జరిగేది సరిగ్గా దీనికి రివర్స్. అక్కడ చెవికి కదలిక తెలుస్తుంది, కళ్లకు తెలియదు. వీఆర్‌లో కళ్లకు తెలుస్తుంది, చెవికి తెలియదు. రెండిట్లోనూ ఇబ్బంది పడేది మాత్రం కడుపే.

ఇదొక్కటే సిద్ధాంతం కాదు. శరీరాన్ని నిలకడగా ఉంచుకోలేకపోవడమే అసలు కారణమని 1991లో రిచియో, స్టాఫ్రెగెన్ వాదించారు. ఇంద్రియాలు ఇలా తడబడితే విషం తిన్నామని మెదడు పొరబడి వాంతి చేయిస్తుందని 1977లో ట్రీస్‌మన్ మరో వివరణ ఇచ్చారు. అయితే ఇప్పుడు మనం మాట్లాడుకునే ప్రయోగాల్లో ఎక్కువ భాగం పొంతన కుదరని సంకేతాల సిద్ధాంతం మీదే ఆధారపడ్డాయి.

సముద్రం ఊగిపోతుంటే పేకాట ఆడారు!

చెవి పాత్ర ఎంత పెద్దదో చెప్పే ఒక సంఘటన ఉంది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం, నాసా కలిసి వాషింగ్టన్‌లోని గల్లాడెట్ కాలేజీకి చెందిన 11 మంది బధిరులను పరిశోధనల కోసం ఎంచుకున్నాయి. వాళ్లలో 10 మందికి చిన్నతనంలో వచ్చిన మెనింజైటిస్ వల్ల వినికిడి పోయింది. దాంతోపాటే లోపలి చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థా దెబ్బతింది.

కెనడాలోని నోవా స్కోషియా తీరంలో వీళ్లను ఓడ ఎక్కించి, అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలోకి తీసుకెళ్లారు. వాళ్లు హాయిగా పేకాట ఆడుకుంటూ కూర్చున్నారు. వాళ్లను పరిశీలించాల్సిన శాస్త్రవేత్తలకే వాంతులు మొదలై, చివరికి ఆ ప్రయోగాన్ని ఆపేయాల్సి వచ్చింది. మరో పరీక్షలో నిమిషానికి 10 చుట్లు తిరిగే గదిలో నలుగురు 12 రోజుల పాటు ఉన్నారు.

అంటే బ్యాలెన్స్ వ్యవస్థ పనిచేయనివాళ్లకు మోషన్ సిక్‌నెస్ రాదు. దాన్ని బట్టి చూస్తే, వీఆర్‌లో మీకు కళ్లు తిరుగుతున్నాయంటే మీ చెవి తన పని తాను సక్రమంగా చేస్తోందన్నమాట. మరి ఆ చెవికి ఏదో ఒక సంకేతం ఇచ్చి, కళ్లతో రాజీ కుదర్చగలమా? ఇప్పటి పరిశోధన మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

గేమే కదా.. వదిలేస్తే పోలేదా?

సమస్య కొత్తది కాదు. 1957లోనే అమెరికాలో హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో శిక్షణ తీసుకున్నవాళ్లకు వికారం వచ్చినట్టు నమోదైంది. విచిత్రం ఏమిటంటే, ఆకాశంలో నిజంగా ఎగిరి అనుభవం ఉన్న పైలట్లకు కూడా నేల మీది సిమ్యులేటర్‌లో ఇబ్బంది వచ్చేది. కదలిక ఎలా ఉండాలో వాళ్ల శరీరానికి ముందే తెలుసు. అది అందకపోవడమే చిక్కు.

ఇప్పుడు వీఆర్ ఆటలకే పరిమితం కాలేదు. సర్జన్లు, పైలట్లు, ఫ్యాక్టరీ సిబ్బంది దీనితో శిక్షణ పొందుతున్నారు. పక్షవాతం తర్వాత చేతులు కదిలించే వ్యాయామాలకు, ఎత్తులంటే భయపడేవాళ్ల చికిత్సకు వాడుతున్నారు. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇంట్లోనే వాడుకునే ఒక వీఆర్ చికిత్సా పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2021 నవంబర్‌లో అనుమతి ఇచ్చింది. అంటే రేపు ఉద్యోగ శిక్షణో, వైద్యమో హెడ్‌సెట్‌లోనే జరిగితే, వికారం వచ్చేవాళ్లు ఆ అవకాశానికే దూరమవుతారు.

ఇందులో ఆడవాళ్లకు ఇబ్బంది ఎక్కువన్న మాట చాలాకాలంగా ఉంది. దాన్ని వాళ్ల శరీర తత్వం అని తేల్చేసేవారు. కానీ 2020లో కే స్టానీ బృందం ప్రచురించిన పరిశోధన మరో కారణం చూపించింది. హెడ్‌సెట్ రెండు లెన్సుల మధ్య దూరం, మనిషి రెండు కంటిపాపల మధ్య దూరం సరిపోవాలి. అప్పటి హెడ్‌సెట్లు చాలామంది ఆడవాళ్ల ముఖానికి ఆ కొలతలో సరిపోలేదు. కొలత సరిగ్గా కుదిరినప్పుడు ఆడ, మగ తేడా పెద్దగా కనిపించలేదు. లోపం మనిషిలో వెతికారు గానీ, అది వస్తువులో ఉందన్నమాట.

మొదటి దారి: కంటికి కళ్లెం వేయడం

2012 తర్వాత వచ్చిన కొత్త తరం హెడ్‌సెట్లు ముందుగా స్పీడు మీద దృష్టి పెట్టాయి. తల తిప్పిన తర్వాత బొమ్మ మారడానికి పట్టే సమయం 20 మిల్లీసెకన్లలోపే ఉండాలన్నది ఒక లెక్కగా స్థిరపడింది. 2016లో వచ్చిన ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ తెరలు సెకనుకు 90 సార్లు బొమ్మ మార్చేవి. దీంతో తల తిప్పితే బొమ్మ ఆలస్యంగా వచ్చే బాధ చాలావరకు తగ్గింది. కానీ కుర్చీలో కూర్చునే గేమ్‌లో పరిగెత్తడం అనే చిక్కు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే అది తెర లోపం కాదు.

దాంతో డెవలపర్లు కదలికనే తగ్గించడం మొదలుపెట్టారు. నడిచే బదులు ఒక చోట మాయమై మరో చోట తేలడం అందులో ఒకటి. మెల్లగా తిరిగే బదులు టక్కున ఒక కోణానికి తిరగడం రెండోది. కదిలేటప్పుడు చూపు అంచులను నల్లగా మూసేయడం మూడోది. ఈ మూడో పద్ధతిని 2016లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఫెర్నాండెస్, ఫైనర్ పరీక్షించారు. చూపు పరిధిని సున్నితంగా తగ్గిస్తే వికారం తగ్గిందని, చాలామంది ఆ మార్పును గమనించనే లేదని తేలింది. కదులుతున్న భ్రమను ఎక్కువగా కలిగించేది చూపు అంచుల్లో కనిపించే దృశ్యం. అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది.

2015లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ బృందం ఇంకో చిత్రమైన పని చేసింది. తెర మధ్యలో కింది భాగాన ఒక బొమ్మ ముక్కును పెట్టింది. మామూలుగా మన ముక్కు మనకు ఎప్పుడూ కొద్దిగా కనిపిస్తూనే ఉంటుంది కదా! అలా ఒక కదలని ఆధారం ఉంటే ఏమవుతుందో చూశారు. ఒక బంగ్లాలో నడిచే గేమ్‌ను సగటున 94 సెకన్లు ఎక్కువసేపు ఆడగలిగారు. రోలర్ కోస్టర్‌లో మాత్రం తేడా రెండు సెకన్లే. మెల్లటి కదలికకు సాయపడిన ముక్కు, భారీ కుదుపుల ముందు తేలిపోయింది.

ఈ పద్ధతులన్నింటికీ ఒకటే ఇబ్బంది. కళ్లకు అందే దృశ్యాన్ని తగ్గిస్తే వికారంతోపాటు ఆ అనుభవమూ తగ్గుతుంది. శిక్షణ పొందే పైలట్‌కు చూపు అంచులు మూసేస్తే ఇక ఆ శిక్షణకు అర్థం ఏముంటుంది?

రెండో దారి: చెవికి కబురు పంపడం

ఇక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది. చెవి వెనుక గట్టిగా తగిలే ఎముక దగ్గర రెండు ప్యాడ్లు అంటించి, చాలా స్వల్పంగా కరెంటు పంపిస్తారు. ఇది సాధారణంగా ఒకటి, రెండు మిల్లీయాంపియర్ల స్థాయిలో ఉంటుంది. దాంతో లోపలి చెవి నాడులు స్పందించి, కదలకుండా కూర్చున్న మనిషికి కూడా ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. దీన్ని గాల్వనిక్ వెస్టిబ్యులర్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా జీవీఎస్ అంటారు. బ్యాలెన్స్ సమస్యల పరీక్షల్లో వైద్యులకు ఇది ఎప్పటినుంచో తెలిసిన పద్ధతే.

తెర మీద కారు ఎడమకు తిరిగినప్పుడే చెవికి కూడా ఆ సంకేతం పంపితే? ఈ ఆలోచనతోనే శాంసంగ్ 2016 మార్చిలో 'ఎంట్రిమ్ 4డీ' అనే హెడ్‌ఫోన్ నమూనాను అమెరికాలోని ఆస్టిన్‌లో ప్రదర్శించింది. అదే ఏడాది మాయో క్లినిక్ అభివృద్ధి చేసిన ఇలాంటి టెక్నాలజీకి వీమోషన్ అనే కంపెనీ లైసెన్స్ తీసుకుంది. అప్పట్లో బాగా హడావుడి జరిగింది. కానీ ప్రతి ఇంట్లో కనిపించే వస్తువుగా మాత్రం ఇది మారలేదు.

కారణాలు లేకపోలేదు. ఈ కరెంటుతో పక్కకు ఒరిగిన భావన తెప్పించడం తేలిక. కానీ ముందుకు దూసుకెళ్లడం, కిందికి పడటం లాంటి భావనలను కచ్చితంగా తెప్పించడం కష్టం. సంకేతం కాస్త అటూ ఇటూ అయితే పొంతన కుదరడం మాట అటుంచి, తికమక ఇంకా పెరుగుతుంది. కొందరికి ప్యాడ్లు పెట్టిన చోట చురుక్కుమంటుంది, దురద వస్తుంది.

సరైన కబురు కాదు.. కొంచెం 'గోల' చాలు!

ఇక్కడే కెనడా పరిశోధకులు మరో కోణం పట్టుకున్నారు. చెవికి కచ్చితమైన సంకేతం ఇవ్వడం కష్టమైతే, చెవి ఇచ్చే సమాచారం మీద మెదడుకు నమ్మకం తగ్గించవచ్చు కదా? రెండు సాక్ష్యాల్లో ఒకటి అస్పష్టంగా ఉంటే మనం రెండోదాన్నే ఎక్కువగా నమ్ముతాం. మెదడు కూడా అంతే. చెవి నుంచి వచ్చే సంకేతంలో కాస్త గోల కలిపితే, మెదడు కళ్ల మీద ఎక్కువ ఆధారపడుతుంది. అలా గొడవ సద్దుమణుగుతుందన్నది ఈ వాదన.

క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన షేమస్ వీచ్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో చెవి వెనుక ఎముకకు చిన్న వైబ్రేషన్ ఇచ్చారు. తెర మీద దృశ్యం వేగంగా కదిలే క్షణాల్లోనే ఈ వైబ్రేషన్ అందినప్పుడు వికారం తగ్గింది. 2020లో వాటర్లూ యూనివర్సిటీలో వీచ్, సహచరులు ఒక క్రమం లేకుండా మారే స్వల్ప కరెంటుతో ప్రయోగం చేశారు. వీఆర్ వాడుతున్నప్పుడు, ఆ వెంటనే కూడా ఇబ్బంది తగ్గినట్టు గుర్తించారు. కరెంటుతో పోలిస్తే వైబ్రేషన్‌కు ఒక సౌలభ్యం ఉంది. ఫోన్‌లో ఉండేలాంటి చిన్న మోటారును హెడ్‌సెట్ బెల్టులోనే అమర్చవచ్చు.

2020లోనే తైవాన్ పరిశోధకులు 'వాకింగ్‌వైబ్' పేరుతో మరో ప్రయోగం చూపించారు. గేమ్‌లో పాత్ర అడుగు వేసిన ప్రతిసారీ తలకు రెండు పక్కలా చెవుల వెనుక చిన్న వైబ్రేషన్ వస్తుంది. కూర్చుని ఉన్నా నడుస్తున్న భావన కలిగి, వికారం తగ్గింది.

శబ్దం మీద ఆశ కలిగించిన పరిశోధన జపాన్ నుంచి 2025లో వచ్చింది. నగోయా యూనివర్సిటీ బృందం 100 హెర్ట్జ్ దగ్గర ఉండే ఒక మంద్రమైన శబ్దాన్ని ఒక్క నిమిషం పాటు వినిపించింది. రోజువారీ జీవితంలో మన చెవిన పడే స్థాయిని దాటకుండా చూసుకుంది. ఊయల, డ్రైవింగ్ సిమ్యులేటర్, కారు ప్రయాణం.. ఇలా పలు రకాలుగా పరీక్షించింది. తల తేలిపోవడం, వికారం తగ్గినట్టు పాల్గొన్నవాళ్లు చెప్పారు. ఈ శబ్దం లోపలి చెవిలోని రేణువుల భాగాన్ని ప్రేరేపిస్తుందని బృందం వివరించింది. అయితే వీఆర్ హెడ్‌సెట్‌తో కూడా ఇదే ఫలితం వస్తుందని ఇప్పుడే అనుకోవడం తొందరపాటు.

మూడో దారి: గాలి, వాసన, పాట

ఖరీదైన పరికరాలు అక్కర్లేని దారి ఇది. 2017లో కెనడాకు చెందిన డామూర్, కేశవర్జ్ తదితరులు సైకిల్ ప్రయాణం వీడియోను 15 నిమిషాలు చూపించి, కొందరికి ముఖం మీద ఫ్యాన్ గాలి, మరికొందరికి సీటు వైబ్రేషన్ ఇచ్చారు. ఫ్యాన్ గాలి వికారాన్ని స్పష్టంగా తగ్గించింది. సీటు వైబ్రేషన్ వల్ల అంత ఉపయోగం కనిపించలేదు. బస్సులో కడుపు తిప్పితే కిటికీ తెరవమనే మన అలవాటు గుర్తొస్తోంది కదూ!

వాసన మీద 2015లో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. 62 మందికి ఇలాంటి వీడియోనే చూపిస్తూ, చెప్పకుండా గదిలోకి కొందరికి గులాబీ వాసన, కొందరికి తోలు వాసన వదిలారు. మిగిలినవాళ్లకు ఏ వాసనా లేదు. వాసన పసిగట్టి, అది బాగుందని చెప్పినవాళ్లకు వికారం తక్కువగా వచ్చింది. అంటే వాసన తమకు నచ్చడమే ముఖ్యం. ఘాట్ రోడ్డు బస్సులో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవాళ్లకు ఇది వింతగా ఏమీ అనిపించదు. నచ్చిన సంగీతం విన్నా మేలు జరుగుతుందని 2014లో ఇదే కోవలో మరో అధ్యయనం వచ్చింది. చూయింగ్ గమ్ నమిలితే వికారం తగ్గిందని 2022లో జర్మనీ పరిశోధకులు తెలిపారు.

ఇవన్నీ ఎందుకు పనిచేస్తాయి? గాలి తగిలితే కదులుతున్న భావనకు చర్మం కూడా ఒక సాక్ష్యం ఇస్తుంది, చెమట, ఉక్క తగ్గుతాయి. నచ్చిన వాసన, పాట మనసును కడుపు మీద నుంచి మళ్లిస్తాయి. వీటిలో దేని వాటా ఎంత అన్నది ఇంకా తేలాల్సిన సంగతి.

ఇలాంటి వార్తలు చదివేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

ఈ ప్రయోగాల్లో వికారాన్ని కొలిచేది ఎక్కువగా ప్రశ్నలతోనే. 1993లో కెనడీ బృందం తయారుచేసిన ప్రశ్నావళిలో 16 లక్షణాలు ఉంటాయి. ఒక్కోటి 'లేదు, కొద్దిగా, ఓ మోస్తరు, తీవ్రం' అని గుర్తు పెట్టాలి. చెప్పేది మనిషే కాబట్టి, తగ్గుతుందన్న నమ్మకం కూడా ఫలితం మీద పడుతుంది. పాల్గొనేవాళ్ల సంఖ్య చాలా ప్రయోగాల్లో పదుల్లోనే ఉంటుంది. తెర మీద వీడియోతో వచ్చిన ఫలితం హెడ్‌సెట్‌కు అచ్చంగా వర్తించకపోవచ్చు. కాబట్టి 'వీఆర్ వికారానికి శాశ్వత పరిష్కారం' అని ఏ ప్రకటన కనిపించినా, ఎంతమంది మీద, ఏ పరికరంతో, ఎంతసేపు పరీక్షించారో చూడాలి.

ఇంట్లో మీరు చేయగలిగినవి ఇవే..

1. ముందు లెన్సుల దూరం సరిచేసుకోండి. మెటా క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్ల చొప్పున మూడు స్థానాలు ఉంటాయి. కళ్లద్దాల షాపులో మీ కంటిపాపల మధ్య దూరం కొలిపించుకుంటే ఏది పెట్టుకోవాలో తెలుస్తుంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వాడేటప్పుడు ఇది మార్చడం మరిచిపోవద్దు.

2. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. గాలి ముఖానికి తగలాలి. ఏ వైపు నుంచి గాలి వస్తోందో తెలుస్తుంటే గదిలో మీరు ఎటు తిరిగి ఉన్నారో కూడా అర్థమవుతుంది.

3. సెట్టింగ్స్‌లో కంఫర్ట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. మొదట్లో పాత్ర కదలకుండా ఒకేచోట ఉండే గేమ్‌లు ఎంచుకోండి. రోలర్ కోస్టర్‌తో మొదలుపెట్టొద్దు.

4. మొదటి రోజు ఐదు, పది నిమిషాలు చాలు. రోజు విడిచి రోజు కాస్త కాస్త పెంచితే చాలామందికి శరీరం అలవాటు పడుతుంది.

5. వికారం మొదలవగానే ఆపేయండి. 'కాసేపు ఓర్చుకుంటే పోతుందిలే' అనుకుని కొనసాగిస్తే ఇంకా పెరుగుతుంది.

6. తీసిన వెంటనే బైక్, కారు ఎక్కొద్దు. బ్యాలెన్స్ తేడా కాసేపు ఉండొచ్చు. తల తేలిగ్గా అనిపించేదాకా కూర్చోండి.

7. బస్సు ప్రయాణానికి వేసుకునే వాంతుల మాత్రలను గేమ్ కోసం సొంతంగా వేసుకోవద్దు. వాటిలో చాలావాటితో మగత వస్తుంది.

ఇది మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు

జీవీఎస్ గురించి చదివి చెవి వెనుక బ్యాటరీ, తీగలు పెట్టుకునే ప్రయోగాలు అస్సలు చేయొద్దు. ల్యాబ్‌లో కరెంటును కచ్చితంగా అదుపు చేసే పరికరాలు ఉంటాయి, పక్కన నిపుణులు ఉంటారు. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు ఇది మరింత ప్రమాదం. మైగ్రేన్, తరచూ తల తిరిగే సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు హెడ్‌సెట్ వాడే ముందు డాక్టర్‌ను అడగడం మంచిది. హెడ్‌సెట్ తీసిన మరుసటి రోజుకూ తల తిరుగుతుంటే, చెవిలో హోరు వినిపిస్తుంటే ఈఎన్‌టీ నిపుణులను కలవండి. అది వీఆర్ వల్ల వచ్చింది కాకపోవచ్చు.

మొత్తం మీద..

తెరలు మెరుగుపడ్డాయి, స్పీడు పెరిగింది. అయినా కళ్లు, చెవుల మధ్య తగువు తీరలేదు. చెవి వెనుక వైబ్రేషన్, స్వల్ప కరెంటు, మంద్రమైన శబ్దం.. ఇవి ఆశ చూపిస్తున్నాయి గానీ పెద్ద సంఖ్యలో జనం మీద రుజువు కావాల్సి ఉంది. ఇవాళ్టికి మన చేతిలో ఉన్నవి సరైన లెన్సుల దూరం, చిన్న సెషన్లు, ఎదురుగా ఒక ఫ్యాన్. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఇక వికారం వచ్చినంత మాత్రాన 'నాకు వీఆర్ పడదు' అని పిల్లలను, పెద్దవాళ్లను పక్కన పెట్టేయకండి. ముందు హెడ్‌సెట్ వాళ్లకు సరిపోయిందో లేదో చూడండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉంటే వైద్యులను సంప్రదించి వారి సలహా మేరకే నడుచుకోవాలి.